ఉలికిపాటు వేరు, జడుపు వేరు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ సినిమా పేజీలో హారర్ సినిమాలకు వచ్చే సమీక్షల్లో ‘అక్కడక్కడా బాగానే భయపెట్టింది’ అన్న మాట తరచూ కనిపిస్తోంది. ఎక్కడ భయపెట్టింది, దేనితో భయపెట్టింది, ఆ భయం థియేటర్ మెట్లు దిగేలోపే ఎందుకు దిగిపోయింది అన్నది మాత్రం ఉండడం లేదు. వెబ్ సిరీస్‌ల సమీక్షల్లోనూ ఇదే తీరు. పాటకు రాగం, తాళం ఉన్నట్టే భయానికీ ఒక లెక్క ఉంది. ఆ లెక్క ఎక్కడ తప్పుతోందో ప్రేక్షకుల వైపు నుంచి చెప్పాలని ఈ ఉత్తరం. కాస్త పొడుగు అవుతుంది, చోటివ్వగలరు.

తెలుగులో భయానికి చాలా మాటలున్నాయి. బెదురు, గుబులు, దడ, ఉలికిపాటు, జడుపు. ఏ రెండూ ఒకటి కావు. వెనకనుంచి ఎవరో వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడతాం, మరుక్షణం నవ్వేస్తాం. జడుసుకున్న మనిషి నవ్వడు. పిల్లలకు జడుపు జ్వరం వచ్చిందంటారు పెద్దవాళ్లు. ఉలికిపాటు జ్వరం అన్న మాట ఎవరి నోటా వినం. జడుపు మనతో ఇంటికొస్తుంది, మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లబోతే ముందు లైటు వేయిస్తుంది. మన హారర్ సినిమాల్లో ఎక్కువ భాగం ఉలికిపాటు ఇచ్చి జడుపు ఇచ్చామనుకుంటున్నాయి. నా ఫిర్యాదంతా దీని మీదే.

ఉలికిపాటు ఒంటికి సంబంధించిన వ్యవహారం. పెద్ద చప్పుడు చెవిన పడిన 50 మిల్లీసెకన్లలోపే కనురెప్ప కొట్టుకుంటుంది. ఆలోచన అక్కడికి చేరేలోపు మెడ బిగుసుకుంటుంది, భుజాలు పైకి లేస్తాయి. దానికి కథ అక్కర్లేదు, నటన అక్కర్లేదు, దెయ్యమూ అక్కర్లేదు, కుక్కర్ విజిల్ చాలు. తెర మీద దాన్ని తయారుచేసే పద్ధతి కూడా అందరికీ తెలిసిపోయింది. పాత్ర ఒంటరిగా నడుస్తుంది. సంగీతం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోతుంది. ఆరేడు సెకన్లు అడుగుల చప్పుడు, ఊపిరి చప్పుడు. తలుపు తీస్తే ఏమీ ఉండదు, లేదంటే పిల్లి దూకుతుంది. పాత్ర ఊపిరి వదులుతుంది, దానితోపాటు మనమూ వదులుతాం. వెనక్కి తిరగ్గానే ఎదురుగా మొహం, దాంతోపాటు వయొలిన్ల కీచు, డ్రమ్ము దెబ్బ.

ఇది మొదటిసారి పని చేస్తుంది, రెండోసారి సగం చేస్తుంది. ఒకే దెబ్బ పదేపదే తగిలితే ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది. నాలుగోసారికి సంగీతం ఆగగానే హాల్లో సగం మంది చెవుల్లో వేళ్లు పెట్టుకుని కూర్చుంటారు. దర్శకుడేమో ఇంకా గట్టిగా కొట్టిస్తాడు. ఈ పోటీలో ఎప్పుడూ ఓడేది కథే. దీనికి రెండో వైపు కూడా ఉంది, అది చాలామంది పట్టించుకోరు. ముందునుంచే గుబులుగా ఉన్న మనిషి అదే చప్పుడుకు మామూలు కంటే చాలా ఎక్కువ ఉలిక్కిపడతాడు. ప్రయోగశాలల్లో మళ్లీ మళ్లీ రుజువైన సంగతి ఇది. కాబట్టి నలభై నిమిషాలు గుబులు పెంచి ఒక్క దెబ్బ కొట్టిన సినిమా ముందు, పావుగంటకోసారి కొట్టే సినిమా నిలబడదు. ముందు గుబులు కావాలి. దానికి కావలసినవి మూడు: నిశ్శబ్దం, చీకటి, వ్యవధి. మన దగ్గర మూడింటికీ కరువే.

నిశ్శబ్దం అంటే చప్పుడు తీసేయడం అనుకుంటున్నారు. సౌండ్ ట్రాక్ పూర్తిగా ఖాళీ అయితే టీవీ మ్యూట్ నొక్కినట్టుంటుంది, ప్రేక్షకుడు కథలోంచి బయటికొచ్చి ‘సౌండ్ పోయిందా?’ అని పక్కకు చూస్తాడు. ప్రతి గదికీ తనదైన సన్నని హోరు ఉంటుంది. షూటింగ్ చేసిన ప్రతి చోటా, యూనిట్ అంతా కదలకుండా నిలబడి కనీసం 30 సెకన్లు, వీలైతే నిమిషం పాటు ఆ హోరును రికార్డు చేసుకోవాలి. రూమ్ టోన్ అంటారు దాన్ని. షాట్ అవగానే లైట్లు విప్పే హడావుడిలో ముందు వదిలేసేది దీన్నే. తర్వాత స్టూడియోలో ఆ ఖాళీ పూడ్చడానికి సంగీతం పోస్తారు. అందుకే మన హారర్ సినిమాల్లో మోత లేని నిమిషం దొరకదు.

నిశ్శబ్దం ఎలా వినిపించాలో ఒక ఉదాహరణ. మామూలు అపార్ట్‌మెంట్ వంటిల్లు. రాత్రి రెండు గంటలు. హాల్లోని జీరో బల్బు వెలుగు గడప దాకా వచ్చి ఆగింది. తల్లి నీళ్ల సీసా కోసం వచ్చింది. ఫ్రిజ్ మోటారు నడుస్తోంది, దాని గుర్రుమనే చప్పుడును ఎవరూ పట్టించుకోరు. చిన్న కుదుపుతో మోటారు ఆగింది. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో అప్పుడు తెలుస్తుంది. ఆ నిశ్శబ్దంలో పక్కగదిలోంచి పాప మాటలు సన్నగా వినిపిస్తున్నాయి. అంటే మోటారు నడుస్తున్నంతసేపూ పాప మాట్లాడుతూనే ఉంది. పైగా ఆగి ఆగి మాట్లాడుతోంది. అవతలి మనిషి జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగుతోంది. తల్లి చేతిలో సీసా మూత తెరిచే ఉంది.

ఇందులో గ్రాఫిక్స్ లేవు, మేకప్ లేదు, సంగీతం లేదు. మన ఇళ్లలో ప్రతి రాత్రీ ఉండే ఫ్రిజ్ ఉంది, అందుకే ఇంటికొచ్చాక గుర్తొస్తుంది. పల్లెటూరు కథైతే ఆ పని కీచురాళ్లు చేస్తాయి. చెరువుగట్టు మీద అవి అరుస్తున్నంతసేపూ చెవి నిద్రపోతుంది. ఒక్కసారిగా ఆగితే ఎవరో నడిచొస్తున్నారని లెక్క. అవి కూసినంతసేపూ కాకుండా ఆగినప్పుడు భయం వేయడం మన పొలాల్లో నడిచినవాళ్లందరికీ తెలుసు. కరెంటు పోవడం, ఇన్వర్టర్ కీచుమనడం, పక్కింటి మిక్సీ, బోరు మోటారు, ఇవన్నీ మన సౌండ్ డిజైనర్ల చేతిలో ఉన్న పనిముట్లు. కాకపోతే ఇవి స్క్రిప్టులోనే రాసుకోవాలి, షూటింగ్ అంతా అయ్యాక అతికిస్తే అతకవు.

పేరున్న సినిమాలన్నీ శబ్దం దగ్గర పొదుపుగా ఉన్నవే. ‘సైకో’ (1960)కి సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ తీగ వాయిద్యాలు మాత్రమే వాడాడు. డ్రమ్ములు లేవు, బాకాలు లేవు. మన ‘అరుంధతి’ (2009) సంగతే చూడండి. అందులోని విలన్ పశుపతిని తలుచుకోగానే ముందు గుర్తొచ్చేది గొంతు. సోనూ సూద్‌కు పి. రవిశంకర్ చెప్పిన డబ్బింగ్ అది. ఆ పాత్ర ఆకారం మరిచిపోయినవాళ్లు కూడా ఆ గొంతు మరిచిపోలేదు. మనిషి గొంతు కన్నా భయపెట్టే వాయిద్యం లేదు, దానికి సరైన వాడుక తెలిసినప్పుడు.

ఇక మోత ఎంతవరకు పెంచుతున్నారో చెబుతాను. ఒక పెద్ద ఓటీటీ సంస్థ నియమం ప్రకారం సినిమా మొత్తం మీద మాటల సగటు మైనస్ 27 డెసిబెల్స్ దగ్గర ఉండాలి (డిజిటల్ సౌండ్ కొలతలో సున్నాయే పై హద్దు), గరిష్ఠ శబ్దం మైనస్ 2 దాటకూడదు. అంటే మాటకూ మోతకూ మధ్య 25 డెసిబెల్స్ దాకా ఖాళీ ఉందన్నమాట. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు అనిపిస్తుంది. ఆ ఖాళీనంతా ప్రతి ఉలికిపాటుకూ వాడేస్తే, గుసగుసల కోసం వాల్యూమ్ పెంచుకున్నవాళ్ల చెవులు ఏమవుతాయో ఊహించుకోండి. పిల్లలు పక్కగదిలో నిద్రపోతున్న ఇంట్లో రిమోట్ చేత్తో పట్టుకుని సినిమా చూడాల్సి వస్తోంది. రిమోట్ చేతిలో ఉన్నవాడికి జడుపు పుట్టదు, ఎందుకంటే ఎప్పుడు తగ్గించాలా అన్న ధ్యాసలోనే ఉంటాడు.

థియేటర్లలో ఈ కథ ఇంకో రకంగా పాడవుతోంది. మిక్సింగ్ స్టూడియోలో సౌండ్ ప్రాసెసర్ మీద 7 అనే అంకె దగ్గర పెట్టి సినిమాను సిద్ధం చేస్తారు. తెర వెనక ఒక్కో స్పీకర్ 85 డెసిబెల్స్ దగ్గర సరిచూసి ఉంటుంది, గరిష్ఠంగా 105 దాకా పోగలదు. సినిమా మరీ మోతగా ఉంటే జనం మేనేజర్‌కు ఫిర్యాదు చేస్తారు, ఆపరేటర్ 7ను 5కు దించుతాడు. అలా దించితే సుమారు 6, 7 డెసిబెల్స్ తగ్గుతాయి. మోత భరించేలా అవుతుంది గానీ గుసగుసలు, అడుగుల చప్పుడు, గది హోరు ఏసీ రొదలో కలిసిపోతాయి. భయం ఉన్నదే వాటిలో. ఇది తెలిసిన నిర్మాతలు తర్వాతి సినిమాను ఇంకా గట్టిగా మిక్స్ చేయిస్తారు, ఆపరేటర్లు ఇంకా దించుతారు. ఈ చక్రం ఆపగలిగింది దర్శకులే. 7 దగ్గర చెవి నొప్పి పుట్టని మిక్స్ ఇస్తే ఎవరూ దించరు.

చీకటికి వచ్చిన కష్టం వేరు. మామూలు 2డీ సినిమాకు తెర మధ్యలో 14 ఫుట్ ల్యాంబర్ట్‌ల వెలుగు ఉండాలన్నది డిజిటల్ ప్రొజెక్షన్ ప్రమాణం (ఫుట్ ల్యాంబర్ట్ అంటే తెర వెలుగు కొలత). ప్రొజెక్టర్‌లోని జినాన్ ల్యాంపు వాడాల్సిన గంటలు దాటిపోయినా మార్చకపోతే, ప్రొజెక్షన్ గది అద్దం తుడవకపోతే, 3డీ సినిమాకు పెట్టిన ఫిల్టర్‌ను 2డీ ఆటకు తీయడం మరిచిపోతే అందులో సగం కూడా తెరకు చేరదు. పాటల సినిమాలో ఇది ఎవరికీ తెలియదు. హారర్‌లో మాత్రం దర్శకుడు తలుపు వెనక నిలబెట్టిన ఆకారం నల్లటి మడుగులో కలిసిపోతుంది, ప్రేక్షకుడు ‘ఏమీ కనపడ్లేదు’ అని బయటికొస్తాడు. గుర్తుపట్టడం తేలికే. రాత్రి సన్నివేశంలో నల్ల జుట్టు, నల్ల గోడ విడివిడిగా కనిపించకపోతే వెలుగు చాలనట్టు. ఇంటర్వెల్ దాకా ఆగకుండా అప్పుడే వెళ్లి చెప్పాలి. ఇక మొబైల్ ఫోన్లు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ముందు వరసలో ఒకాయన వాట్సాప్ తెరిస్తే వెనక ఇరవై మంది కళ్లు మళ్లీ మొదటికొస్తాయి.

తీసేవాళ్ల తప్పూ ఉంది. మన సినిమాల్లో రాత్రి అంటే నాలుగు వైపుల నుంచీ నీలం లైటు, కింద పొగ. ఊరిబయట అమావాస్య నాడు కూడా అదే నీలం. అలాంటి చోట దాక్కోవడానికి దెయ్యానికి చోటే ఉండదు. గదిలో ఒకే ఒక దీపం పెట్టి, అది ఎక్కడిదాకా వెలుగుతుందో ప్రేక్షకుడికి ముందే చూపించి, ఆ గీత అవతల ఏముందో చెప్పకుండా వదిలేయాలి. తెల్ల పౌడరు, నల్ల లెన్సులు, చర్మం పగిలిన గ్రాఫిక్స్ ఉన్న మొహాన్ని నిండు వెలుగులో మూడు సెకన్లు చూపిస్తే, కన్ను దాన్ని కొలుస్తుంది. కొలత దొరికిన దానికి భయం లేదు. ‘ఎక్సార్సిస్ట్’ (1973) కోసం పడకగది సెట్‌ను శీతలీకరించి నటుల ఊపిరి పొగలా కనిపించేలా చేశారు. అక్కడ దయ్యం ఉందని చెప్పడానికి ఆ ఊపిరి ఒక్కటే సగం పని చేసింది.

ఇంట్లో టీవీలో చూసేవాళ్లకు కొన్ని సూచనలు, ఇవి చేస్తే పాత టీవీలో కూడా తేడా తెలుస్తుంది. పిక్చర్ మోడ్‌ను ‘వివిడ్’ నుంచి ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’కు మార్చండి. గది వెలుగును బట్టి తెర మసకబారే సెన్సర్‌ను, పవర్ సేవింగ్‌ను ఆపేయండి, చీకటి సన్నివేశాలు నల్లముద్దలా మారడానికి ఎక్కువసార్లు కారణం అదే. కదలికల్ని నున్నగా చేసే మోషన్ సెట్టింగ్ కూడా ఆపేయాలి, అది ఉంటే సినిమా సీరియల్‌లా కనిపిస్తుంది. ట్యూబ్‌లైటు ఆర్పి, టీవీ వెనక చిన్న దీపం ఒకటి ఉంచుకుంటే తెర మీద ప్రతిబింబాలు పోతాయి, కళ్లకూ శ్రమ ఉండదు. సౌండ్‌బార్ లేకుండా టీవీ స్పీకర్లతోనే చూస్తుంటే ఆడియోలో 5.1 (ఆరు స్పీకర్లకు పంచిన సౌండ్) కాకుండా స్టీరియో ఎంచుకోండి. 5.1లో మాటలను మధ్య స్పీకర్‌కు ఇస్తారు, టీవీకి ఆ స్పీకరే ఉండదు, అందుకే మాటలు సన్నబడి చప్పుళ్లు మీద పడతాయి. వాల్యూమ్‌ను మొదట్లో వచ్చే లోగోల దగ్గర సరిచేయకండి, ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే మొదటి సన్నివేశం దాకా ఆగి అప్పుడు సరిచేసి రిమోట్ పక్కన పెట్టేయండి. ఫోన్లో చూసేవాళ్లు డేటా సేవర్ తీసేయాలి. తక్కువ డేటాలో ముందు చెడిపోయేది చీకటే, గోడ నీడలు గళ్లుగళ్లుగా విరిగిపోతాయి.

డబ్బింగ్ సినిమాల సంగతి ఒక్క మాట. తమిళం, మలయాళం నుంచి వచ్చే హారర్ తెలుగులో చప్పగా ఎందుకు వినిపిస్తుందంటే, ఊపిరి, వెక్కిళ్లు, గొంతు తడారిన చప్పుడు ఇవన్నీ మాటల ట్రాక్‌లో ఉంటాయి. మాటలు తీసేసి సంగీతం, చప్పుళ్లు మాత్రమే ఇతర భాషకు పంపుతారు. ఆ ఊపిరిని ఇక్కడ డబ్బింగ్ కళాకారులు మళ్లీ పలకాలి. తొందర పనిలో అది ఎగిరిపోతుంది, తెర మీద పాత్ర వణుకుతుంటే చెవికి ఏమీ అందదు. వీలున్నవాళ్లు మూల భాషలో తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడడం మేలు.

అసలు జబ్బు కథలో ఉంది. 2011లో ‘కాంచన’, 2013లో ‘ప్రేమకథా చిత్రమ్’ బాగా ఆడాక హారర్ కామెడీ మనకు అచ్చు పోసిన మూసగా స్థిరపడింది. నవ్వు, భయం పక్కపక్కన ఉండకూడదని కాదు. 2017లో వచ్చిన ‘ఆనందో బ్రహ్మ’లో మనుషుల్ని చూసి దెయ్యాలు భయపడతాయి. ఆలోచనలోనే నవ్వు ఉంది కాబట్టి ఆ సినిమా ఎవర్నీ మోసం చేయలేదు. చిక్కంతా భయం కథలో అతికించిన కామెడీ ట్రాక్‌తోనే. దెయ్యం కమెడియన్ చెంప మీద కొడుతుంది, అతను గోడకు కొట్టుకుని లేచి నిలబడతాడు, హాలంతా నవ్వుతుంది. ఆ క్షణంతో ఆ దెయ్యం ఎవర్నీ ఏమీ చేయలేదని తేలిపోతుంది. తర్వాత అదే దెయ్యం హీరోయిన్ గొంతు పట్టుకుంటే ఎందుకు భయపడాలి?

రెండో రోగం ఫ్లాష్‌బ్యాక్. ఇంటర్వెల్ తర్వాత అరగంట, నలభై నిమిషాల గతం. ఒక మంచి అమ్మాయి, నలుగురు దుర్మార్గులు, అన్యాయం, చావు. అక్కడినుంచి ప్రేక్షకుడు దెయ్యం పక్షాన చేరతాడు, చంపితే చప్పట్లు కొడతాడు. అప్పటికి అది పగ తీర్చుకునే కథ అయిపోయింది, హారర్ అక్కడితో సరి. దెయ్యం మీద జాలి పుట్టవచ్చు, కానీ జాలి పుట్టాక కూడా భయం మిగలాలంటే దానికి ఏం కావాలో పూర్తిగా తెలియకూడదు. గతం చెప్పాల్సిందే అయితే ముక్కలుగా చెప్పవచ్చు. అటక మీద దొరికిన ఒంటి గజ్జె, పెళ్లి ఫొటోలో గీకేసిన మొహం, ఇరుగుపొరుగు ఎవరూ పేరెత్తని ఒక మనిషి. మిగతాది ప్రేక్షకుడు రాత్రి పడుకున్నాక పూరించుకుంటాడు.

ఇది మనకు చేతకాదని అనను. 1992లోనే రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ తీశాడు. పాడుబడ్డ బంగళా లేదు, జమీందారు శాపం లేదు. మధ్యతరగతి కుటుంబం ఒక ఇంట్లో చేరుతుంది, అంతే. రేవతి మొహం చూస్తే చాలు ఆ ఇంట్లో ఏదో సరిగ్గా లేదని తెలుస్తుంది. ముప్ఫై ఏళ్ల తర్వాత, 2022లో, అదే రేవతి మలయాళంలో ‘భూతకాలం’లో తల్లిగా చేసింది. అద్దె ఇల్లు, తల్లి, కొడుకు, పోయిన అమ్మమ్మ. దిగులు ఎక్కడ ముగిసి దెయ్యం ఎక్కడ మొదలైందో చివరిదాకా గీత గీయరు. అదే ఏడాది తెలుగులో వచ్చిన ‘మసూద’ కూడా కామెడీని నమ్ముకోకుండా ఒంటరి తల్లి, కూతురు, పిరికివాడైన పక్కింటి కుర్రాడు, ఈ ముగ్గురి మీదే నిలబడింది. ఆ కుర్రాడి పిరికితనం మన పిరికితనమే కాబట్టి అతను గడప దాటిన ప్రతిసారీ మన కాళ్లూ ఆగుతాయి.

దెయ్యానికి హద్దులుండాలి అన్నది మన పెద్దవాళ్లకు సినిమా వాళ్ల కన్నా బాగా తెలుసు. రాత్రి పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలకకూడదు. ఇనుము దగ్గరుంటే దగ్గరికి రాదు. 1990లలో తెలుగు పల్లెల్లో తలుపుల మీద, గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని సున్నంతో, బొగ్గుతో రాసుకున్నారు. ఆ ఒక్క వాక్యంలో ఎంత కథ ఉందో చూడండి. వచ్చేదానికి చదవడం వచ్చు, రాసింది నమ్ముతుంది, వెనక్కి వెళ్తుంది. రేపు మళ్లీ వస్తుంది. ప్రతి రాత్రీ వస్తూనే ఉంటుంది, వాన పడి సున్నం కారిపోయిన రాత్రి కూడా. ఆ నమ్మకాన్ని 2018లో ‘స్త్రీ’ అన్న హిందీ సినిమా వాడుకుని దేశమంతా ఆడింది. మన గోడల మీద ఉన్నదాన్ని మనం అంతగా వాడుకోలేదు. ‘విరూపాక్ష’ (2023)లో ఊరికి అష్టదిగ్బంధనం వేసి ఎవరూ బయటికి పోకూడదనడం కూడా ఇలాంటి మంచి హద్దే. తప్పించుకునే దారి మూసేస్తే చిన్న చప్పుడు కూడా పెద్దదవుతుంది.

అదే సినిమాను పట్టుకుని ఇంకో మాట చెప్పాలి, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఆ కథ క్షుద్రపూజలు చేస్తున్నారని ఊరు ఒక జంటను సజీవంగా తగలబెట్టడంతో మొదలవుతుంది. అక్కడ భయపెట్టేది గుంపు. తర్వాత కథ నడిచేకొద్దీ ఆ విద్య నిజమేనని తేలుతుంది, గుంపు చేసిన పని వెనక్కిపోతుంది. తెర మీద బాణామతి, చేతబడి, చిల్లంగి నిజమై, ఊళ్లో ఫలానా మనిషే చేశాడని తేలడం మన సినిమాల్లో, సిరీస్‌ల్లో రివాజైంది. మరోవైపు మీ పత్రిక జిల్లా పేజీలో చేతబడి అనుమానంతో ముసలివాళ్లను కొట్టి చంపిన వార్తలు వస్తూనే ఉన్నాయి. ఇలాంటి దురాచారాల మీద మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ప్రత్యేక చట్టాలు చేశాయంటే సమస్య ఎంత నిజమో తెలుస్తుంది. దెయ్యం కథ ఎవరి మీదా వేలు చూపదు. చేతబడి కథ మాత్రం వీధి చివర ఒంటరిగా ఉండే ముసలావిడ మీద చూపిస్తుంది. రచయితలు ఆ మంత్రాన్ని కథలో పెట్టుకున్నా, అనుమానించిన గుంపును కథ చివరిదాకా వదలకుండా వెంటాడాలి. అంతకన్నా గొప్ప హారర్ మన నేల మీద దొరకదు.

పిల్లల విషయం క్లుప్తంగా. 2024 నుంచి యూఏ సర్టిఫికెట్‌ను 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. కానీ అది తల్లిదండ్రులకు సూచన మాత్రమే, థియేటర్ వాళ్లు ఆపరు. 18 ఏళ్లలోపు వాళ్లను ఆపేది ‘ఏ’ ఉన్నప్పుడే. ‘ఏ’ వస్తే టీవీ హక్కులు అమ్ముడుపోవు కాబట్టి కత్తిరించైనా యూఏ తెచ్చుకుంటారు. కాబట్టి పోస్టర్ మీద 13+ ఉందా 16+ ఉందా అన్నది టికెట్ కొనేముందే చూడాలి. ఓటీటీల్లో 13+ నుంచి పైవాటికి లాక్ పెట్టుకునే వీలు ఉండి తీరాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో పిన్ పెట్టడానికి రెండు నిమిషాలు పట్టదు. దాంతోపాటు ప్రివ్యూలు వాటంతటవే ఆడే సౌకర్యాన్ని కూడా ఆపండి. పిల్లలు జడుసుకునేది చాలాసార్లు సినిమా చూసి కాదు, హోం స్క్రీన్ మీద హఠాత్తుగా మొదలైన ముప్ఫై సెకన్ల ముక్క చూసి. అదే విధంగా పిల్లల సినిమాకు ముందు హారర్ ట్రైలర్ వేయకుండా థియేటర్ల వాళ్లు జాగ్రత్త పడాలి.

ఇంటర్వెల్ గురించి దర్శకులకు ఒక మనవి. మన ప్రేక్షకుడు పాప్‌కార్న్ పట్టుకుని సీటు వెతుక్కుని కూర్చునేసరికి రెండో సగం మొదలై ఐదు నిమిషాలవుతుంది. పెద్ద చప్పుడుతో, దెయ్యం మొహంతో ఇంటర్వెల్ కార్డు వేస్తే పెరిగిన గుబులంతా లాబీలో ఖర్చైపోతుంది. ఒక చిన్న ప్రశ్నతో ఆపండి. లోపల నుంచి గడియ పెట్టి ఉన్న ఖాళీ గది చాలు. తిరిగొచ్చాక మొదటి ఐదు నిమిషాలు మాటల్లేకుండా ఆ గది దగ్గరే ఉండండి.

మీ సమీక్షకులను కోరేది ఇంతే. హారర్ సినిమా గురించి రాసేటప్పుడు అందులోని భయం మోతతో పుట్టిందా, గుబులుతో పుట్టిందా చెప్పండి. మాటలు వినిపించాయా, చీకట్లో మనుషులు కనిపించారా, ఏ థియేటర్‌లో చూశారో కాకపోయినా ఎలాంటి తెర మీద చూశారో చెప్పండి. కామెడీ ట్రాక్ ఎంతసేపుంది, పదేళ్ల పిల్లాడిని తీసుకెళ్లవచ్చా, సర్టిఫికెట్ ఏమిటి అన్నవి రేటింగ్ పక్కనే ఒక వరసలో వేయండి. సౌండ్ డిజైనర్ పేరు, ఛాయాగ్రాహకుడి పేరు తప్పక రాయండి, ఈ రకం సినిమాకు హీరో హీరోయిన్ల కన్నా వాళ్లే ముందు. దెయ్యం ఎవరో, ఎందుకొచ్చిందో మాత్రం దయచేసి రాయకండి.

ఇట్లు,
ఒక ప్రేక్షకుడు,
ఏలూరు.